బ్రహ్మదండి ఎవరు?
(ఒక ఎడారి పువ్వును గుర్తుపట్టే విధానం)

– బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, వృక్షశాస్త్రం

పేరు తెలిస్తే సగం తెలిసినట్టే అంటారు. మనుషుల సంగతి ఎలా ఉన్నా మొక్కల విషయంలో ఈ మాటను నమ్ముకుంటే చిక్కుల్లో పడతాం. ఒక మొక్కకు పది పేర్లుంటాయి. అది పెద్ద ప్రమాదం కాదు. కాని పది మొక్కలకు ఒకే పేరు ఉంటే? వాటిలో ఒకటి మందుగా వాడేదై, ఇంకొకటి విషమైతే? అప్పుడు పేరు తెలిసినవాడే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

అలాంటి పేరే బ్రహ్మదండి. తెలుగునాట ఈ పేరుతో పిలిచే మొక్కల్లో ఒకటి మన దేశపు అసలైన ఎడారి పువ్వు. థార్ ఎడారి ఇసుకలోనూ, మన రాయలసీమ మెట్ట పొలాల గట్ల మీదా సమానంగా బతికే ముళ్ల మొక్క. సూర్యకాంతి కుటుంబానికి చెందినది. దీన్ని మిగతా బ్రహ్మదండుల నుంచి వేరుచేసి గుర్తుపట్టడం ఎలాగో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. వృక్షశాస్త్రం చదవని మిత్రులకు కూడా అర్థం కావాలని పరిభాష వీలైనంత తగ్గించాను.

ముగ్గురు బ్రహ్మదండులు

మాది ఉరవకొండ వైపు నల్లరేగడి పల్లె. అక్కడ పప్పుశనగ చేని చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేయడం పాత అలవాటు. కుసుమ ఆకు ముల్లుకు భయపడి పశువులు చేలోకి రావు. కంచె ఖర్చు లేకుండా కంచె, పైగా నూనె గింజలు. ఆ కుసుమ సాళ్ల పక్కన, గట్టు మీద, ఎవరూ విత్తకుండానే ఇంకో రెండు ముళ్ల మొక్కలు మొలుస్తాయి.

మొదటిది పసుపు పూల మొక్క. ఆకు కుసుమ ఆకును పోలి ఉంటుంది గనుక పిచ్చి కుసుమ అంటారు. బలురక్కసి అని ఇంకో పేరు. బ్రహ్మదండి అన్నా ఇదేనని చాలామంది అంటారు. దీని శాస్త్రీయ నామం ఆర్జిమోన్ మెక్సికానా. పేరులోనే పుట్టిల్లు ఉంది: మెక్సికో నుంచి వచ్చింది. ఇది సూర్యకాంతి కుటుంబం కాదు, గసగసాల కుటుంబం.

రెండోది బంతి పూల మొక్క. బంతి అంటే దండలు గుచ్చే బంతి పువ్వు కాదు, ఆడుకునే బంతి. నిటారుగా నిలబడిన కొమ్మల చివర ఒక్కొక్క ముళ్ల ఉండ ఉంటుంది. తెల్లగా, కొంచెం నీలి ఛాయతో పూస్తుంది. ఇదీ బ్రహ్మదండే. శాస్త్రీయ నామం ఎకైనాప్స్ ఎకైనేటస్. మన వ్యాసానికి నాయకుడు ఇతడే.

మూడోది గట్టు మీద కన్నా మూలికల అంగట్లో ఎక్కువగా ఎదురవుతుంది. దక్కనులో, ముఖ్యంగా మహారాష్ట్ర వైపు పెరిగే ట్రైకోలెపిస్ గ్లాబెరిమా. ఇది కూడా సూర్యకాంతి కుటుంబమే. ఊదారంగు పూలు, నున్నని కొమ్మలు, కొమ్మ కొమ్మకూ విడివిడి తలలు. అంగడివాడు బ్రహ్మదండి అని పొట్లం కట్టి ఇచ్చేది సాధారణంగా దీన్నే.

చూశారా! ఒకే పేరు, మూడు మొక్కలు. అందులో ఒకటి పరాయి దేశం నుంచి వచ్చిన విషం మొక్క.

మా అవ్వకు దగ్గు వస్తే బ్రహ్మదండి వేరు కషాయం కాచుకునే అలవాటుంది. ఒకసారి పక్కింటి పిల్లవాణ్ణి గట్టు మీదికి పంపింది. వాడు పేరు విన్నాడు, ముళ్లు చూశాడు, మొదట కనిపించిన మొక్కను పీక్కొచ్చాడు. అవ్వ దాని కాడ విరిచి చూసి కసిరింది: "ఇదెక్కడి బ్రహ్మదండిరా! పాలు చూడు, పసుపు నీళ్ల మాదిరి కారుతాండాయి. ఇది రక్కసి. పారేసి చేతులు కడుక్కో పో."

అవ్వ బడికి పోలేదు. కాని ఆ ఒక్క మాటలో ఒక కుటుంబాన్ని ఇంకో కుటుంబం నుంచి వేరు చేసింది. మనం ప్రయోగశాలలో చేసే పని అదే. కాకపోతే ఆమె దగ్గర ఒక్క గుర్తు ఉంది, మన దగ్గర అరడజను గుర్తులు ఉండాలి.

సూర్యకాంతి వారి వంశం

గుర్తులు చెప్పే ముందు కుటుంబం గురించి నాలుగు మాటలు. పాత పుస్తకాల్లో కంపోజిటే, ఇప్పటి పుస్తకాల్లో ఆస్టరేసీ. పుష్పించే మొక్కల్లో అతి పెద్ద కుటుంబాల్లో ఇదొకటి. 24 వేలకు పైగా జాతులున్నాయి. పొద్దుతిరుగుడు, చామంతి, బంతి, కుసుమ, గుంటగలగర అన్నీ ఇందులోవే.

ఈ కుటుంబం చేసే గారడీ ఒకటే. మనం 'పువ్వు' అనుకునేది పువ్వు కాదు, పూల గుంపు. పొద్దుతిరుగుడు తలలో చుట్టూ పసుపు రెక్కల్లా కనిపించేవి ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు. వాటిని కిరణ పుష్పకాలు అంటారు. మధ్యలో గుత్తంగా ఉండే వందలాది చిన్న గొట్టాలు చక్ర పుష్పకాలు. వీటన్నిటినీ ఒక పళ్లెంలో పెట్టి, చుట్టూ ఆకుపచ్చని పుచ్ఛాలతో గిన్నెలా కట్టినట్టుంటుంది. ఈ మొత్తం ఏర్పాటు పేరే శీర్షవత్ పుష్పవిన్యాసం. మనం ఇకముందు సులువుగా 'తల' అందాం.

చిత్రమేమంటే, మన పొలాల్లో ఈ కుటుంబం వాళ్లు ఎందరున్నా అందులో వలస వచ్చినవారే ఎక్కువ కనిపిస్తారు. పొద్దుతిరుగుడు ఉత్తర అమెరికాది. నూనె పంటగా 1969లో సోవియట్ దేశపు విత్తనంతో ఇక్కడ సాగు మొదలైంది. దండల బంతి మెక్సికోది. గడ్డి చామంతి అమెరికా ఖండానిదే. ఇక వయ్యారిభామ సంగతి చెప్పనక్కరలేదు. 1955 ప్రాంతంలో పూనాలో కంటబడి, తర్వాత దేశమంతా పాకి, రైతుల ఒళ్లంతా దద్దుర్లు తెప్పిస్తున్నది. ఇంతమంది పరాయివాళ్ల మధ్య ఎకైనాప్స్ అచ్చంగా ఈ నేలదే. ఆఫ్ఘనిస్తాన్ వైపు నుంచి పాకిస్తాన్, రాజస్థాన్, గుజరాత్ మీదుగా మన దక్కను దాకా వర్షం తక్కువ పడే నేలలన్నీ దీని సొంత ఊళ్లే.

గుర్తుపట్టే విధానం

గట్టు మీద ముళ్ల మొక్క కనిపించింది. బ్రహ్మదండి అన్నారు. ఏ బ్రహ్మదండి? ఈ వరసలో చూడండి. చేతికి గుడ్డ చుట్టుకోవడం మరవకండి. మా ఊళ్లో కుసుమ కోసేవాళ్లు చేసేది అదే. పైగా మంచు తడి ఆరకముందే, తెల్లవారుజామున కోస్తారు. అప్పుడు ముల్లు మెత్తబడి ఉంటుంది. మొక్కల సేకరణకు కూడా అదే మంచి వేళ.

1. కాడ విరిచి చూడండి. పసుపు పాలు కారితే అది పిచ్చి కుసుమ. అక్కడితో ఆగిపోవచ్చు. ఎకైనాప్స్‌లో పాలు రావు.

2. ఆకు తిరగేసి చూడండి. ఎకైనాప్స్ ఆకు పైన పచ్చగా ఉంటుంది, అడుగున మాత్రం దూది అద్దినట్టు తెల్లగా ఉంటుంది. కాడ మీద కూడా సాలెగూడు వంటి తెల్లని నూగు ఉంటుంది. పిచ్చి కుసుమ ఆకు రెండు వైపులా నున్నగా, బూడిద పూసినట్టు ఉండి, పైన ఈనెల వెంబడి తెల్లని చారలు కనిపిస్తాయి. కుసుమ ఆకు నున్నగా, రెండు వైపులా ఆకుపచ్చగా ఉంటుంది. తెల్లని అడుగు ఉన్నది ఎకైనాప్స్ ఒక్కటే.

3. ముళ్లు చూడండి. ఎకైనాప్స్ ఆకు రెండు వైపులా లోతుగా చీలి, ప్రతి చీలిక కొసన నిటారు ముల్లు ఉంటుంది. కొన్ని ముళ్లు రెండు సెంటీమీటర్లు దాటుతాయి.

4. ముళ్ల ఉండ నుంచి ఒక్క ముక్కను పీకి చూడండి. అసలు పరీక్ష ఇదే. కొంచెం వివరంగా చెబుతాను.

పొద్దుతిరుగుడు తలను విప్పితే పూలు వస్తాయి. ఎకైనాప్స్ ఉండను విప్పితే పూలు రావు, తలలు వస్తాయి! పీకిన ప్రతి ముక్క అడుగున కుచ్చులాంటి వెంట్రుకలు, వాటిపైన వరుసలుగా పుచ్ఛాలు, వాటి మధ్యలో ఒకే ఒక్క గొట్టపు పువ్వు. అంటే ప్రతి పువ్వుకూ దాని సొంత గిన్నె ఉంది. ఒక్క పువ్వుతో ఒక తల. అలాంటి తలలెన్నో కలిసి నాలుగు సెంటీమీటర్ల ఉండ అవుతుంది. ఉమ్మడి కుటుంబంలో అందరూ ఒకే పళ్లెంలో తినడం పొద్దుతిరుగుడు పద్ధతి. ఒకే పందిరి కింద కూర్చున్నా ఎవరి ఆకు వారు వేసుకోవడం ఎకైనాప్స్ పద్ధతి.

ఇంకో సూక్ష్మం. పొద్దుతిరుగుడు తలలో అంచు పూలు ముందు విచ్చుకుని, వరస మధ్యకు సాగుతుంది. ఎకైనాప్స్ ఉండలో నెత్తి మీది పూలు ముందు విచ్చుకుంటాయి, తర్వాత వరస కిందికి దిగుతుంది. సగం పూసిన ఉండను చూస్తే టోపీ పెట్టుకున్నట్టుంటుంది.

5. కటకంతో పువ్వు లోపల చూడండి. అయిదు చీలికల గొట్టం, అయిదు కేసరాలు, వాటి పరాగకోశాలు ఒకదానికొకటి అతుక్కుని కీలం చుట్టూ గొట్టంలా ఉంటాయి. అండాశయం పువ్వు కింద ఉంటుంది. ఇవి సూర్యకాంతి కుటుంబపు ముద్రలు. పిచ్చి కుసుమ పువ్వులో నాలుగు నుంచి ఆరు పసుపు రెక్కలు, లెక్కలేనన్ని విడి కేసరాలు, రెక్కలకు పైన అండాశయం ఉంటాయి. ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూసినవాడు జన్మలో పొరపడడు.

6. కాయ చూడండి. పిచ్చి కుసుమకు ముళ్ల కాయ. పండి పైభాగం విచ్చుకుంటే లోపల ఆవాల వంటి నల్లని గింజలు. ఎకైనాప్స్‌కు అలాంటి కాయ లేదు. ఒక్కో పువ్వు కింద పట్టు వెంట్రుకలు కప్పిన ఒక్కో గింజ, అంతే.

ఇవన్నీ సరిపోతే మొక్క ఎకైనాప్స్ ప్రజాతిదని ఖాయం. ప్రపంచంలో ఈ ప్రజాతిలో నూటికి పైగా జాతులున్నాయి. మన జాతికి ప్రత్యేకమైన గుర్తు, ఉండలోంచి కొమ్ముల్లా బయటికి పొడుచుకొచ్చే పొడవాటి ముళ్లు. కొన్ని పుచ్ఛాలే గట్టిపడి అలా ముళ్లవుతాయి.

ఇప్పుడు చేతిలో ఫోను ఉంది, ఫొటో తీస్తే పేరు చెబుతుంది కదా అని మిత్రులు అడగవచ్చు. చెబుతుంది. కాని మనం ఏది చూపిస్తే దానికే చెబుతుంది. ఉండను మాత్రమే పైనుంచి తీస్తే అందులో ఆకు అడుగు కనిపించదు, పీకిన ముక్కా కనిపించదు. ఏ భాగాలు చూపించాలో తెలిసినవాడికే ఫోను ఉపయోగం.

ఎడారిలో ఎలా బతుకుతుంది?

గత డిసెంబరులో మా విభాగం విజ్ఞానయాత్ర జోధ్‌పూర్ వెళ్లింది. ఎండు నేలల వ్యవసాయం మీద 1959 నుంచి పనిచేస్తున్న కేంద్ర మెట్ట మండల పరిశోధన సంస్థ ఉన్న ఊరు అది. ఊరు దాటి ఓసియాన్ వైపు ఇసుక తిన్నెల దారిలో బస్సు ఆపినప్పుడు, ఎండిన గడ్డి మధ్య మా గట్టు మీది ముళ్ల ఉండే నిలబడి ఉంది. అక్కడి ఒంటెల కాపరి దాన్ని 'ఊంట్ కటారా' అన్నాడు. ఇంత ముల్లున్నా ఒంటె దీన్ని మేస్తుందట. మా ఊళ్లో ఆవు దీని పక్కకు కూడా పోదు.

జోధ్‌పూర్‌లో ఏడాదికి సగటున సుమారు 360 మిల్లీమీటర్ల వాన. అనంతపురంలో సుమారు 550. అంత తేడాలోనూ ఒకే మొక్క ఎలా నెగ్గుకొస్తుంది? దాని ఒంటిమీద ఉన్న ప్రతి గుర్తూ ఒక జవాబు. ఆకు అడుగున తెల్లని నూగు పత్రరంధ్రాల మీద దుప్పటిలా ఉండి నీటి ఆవిరిని తగ్గిస్తుంది. తెల్లని రంగు ఎండను కొంత తిప్పికొడుతుంది. ఆకు చీలికలై ఉండడం వల్ల వేడి త్వరగా చల్లారుతుంది. తల్లివేరు లోతుకు దిగి, పైమట్టి ఎండినా అడుగు తేమను పట్టుకుంటుంది. ఇక పచ్చని మేత కరువైన రుతువులో ముళ్లే దాని రక్షక భటులు. అంటే మనం గుర్తుపట్టడానికి వాడుకునే లక్షణాలూ, అది బతకడానికి వాడుకునే లక్షణాలూ చాలావరకు ఒకటే. ఇది తెలిస్తే గుర్తుల పట్టిక బట్టీ పట్టనక్కరలేదు.

ఎడారి అంటే మనకు దూరపు మాట అనుకోవద్దు. మన జిల్లాలోనే కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద తిన్నెలు కట్టింది. ఎండు నేలలో నిలబడడం తెలిసిన దేశవాళీ మొక్కల గురించి మనకన్నా ఎవరికి ఎక్కువ అవసరం?

పేరు తప్పితే ఏమవుతుంది?

పిచ్చి కుసుమ గింజలు ఆవాలను పోలి ఉంటాయని పైన చెప్పాను. ఆ గింజల నూనెలో సాంగ్వినారిన్ అనే ఆల్కలాయిడ్ ఉంది. ఇది ఒంట్లో చేరితే సన్నని రక్తనాళాలు వెడల్పయి, వాటిలోంచి ద్రవం చుట్టూ ఉన్న కణజాలంలోకి కారుతుంది. కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, ముదిరితే గుండె ఆగిపోతుంది. కళ్లలో ఒత్తిడి పెరిగి చూపు కూడా దెబ్బతినవచ్చు. కలకత్తాలో 1877 నాటికే ఈ జబ్బును గుర్తించారు. ఢిల్లీలో 1998 ఆగస్టులో, ఈ నూనె కలిసిన ఆవనూనె తిని 60 మందికి పైగా చనిపోయారు. వేలమంది జబ్బుపడ్డారు. చనిపోయినవాళ్లలో ఎవరూ తెలిసి విషం తినలేదు. వంటింట్లో పోపు వేసుకున్నారు, అంతే.

కనుక ఇంట్లో కూడా చేయదగిన పరీక్ష ఒకటి చెబుతాను. ఆవగింజ పైన నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు. పిచ్చి కుసుమ గింజ పైన గరుకుగా ఉంటుంది, నలిపితే లోపల తెలుపు. నూనెకైతే మన రసాయనశాస్త్ర ప్రయోగశాలలో గాఢ నత్రికామ్లం పరీక్ష ఉంది. కల్తీ ఉంటే ఆమ్లపు పొర నారింజ నుంచి ఎరుపు వరకు రంగు తిరుగుతుంది. మాస్టారి ఎదుటే చేయాలి సుమా.

ఇక్కడ ఒక హెచ్చరిక. మొక్కను సరిగ్గా గుర్తుపట్టినంత మాత్రాన అది మందు అయిపోదు. అసలు బ్రహ్మదండి వేరు ఎవరికి ఎంత పడుతుందో చెప్పవలసింది వైద్యులు. గుర్తుపట్టడం మొదటి మెట్టు మాత్రమే. కాని ఆ మెట్టు తప్పినవాడు పై మెట్లెక్కి ప్రయోజనం లేదు.

సామర్లకోట ముచ్చట

ఈ మొక్కకు ఎకైనాప్స్ ఎకైనేటస్ అని పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండు డాక్టరు. 1776లో మద్రాసు వచ్చి, 1781 నుంచి మన సామర్లకోటలో ఉండి తోటలు వేసి, తెలుగునేల మొక్కలను పరిశీలించాడు. మన దేశపు చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లాడు. 1815లో చనిపోయాడు. ఈ మొక్క వర్ణన ఉన్న 'ఫ్లోరా ఇండికా' పూర్తిగా అచ్చయ్యేసరికి 1832 వచ్చింది. గ్రీకులో ఎకైనోస్ అంటే ఒళ్లంతా ముళ్లుండే హెడ్జ్‌హాగ్ అనే చిన్న జంతువు. ఎకైనాప్స్ అంటే దానిలా కనిపించేది. ఎకైనేటస్ అంటే మళ్లీ ముళ్లది. ఒకే పేరులో ముల్లును రెండుసార్లు చెప్పాడంటే, ఆయన వేలికి కూడా గుచ్చుకునే ఉంటుందని నా ఊహ!

హాస్యానికి అన్నా, ఆ రెండు మాటల పేరు విలువ తక్కువది కాదు. బ్రహ్మదండి అంటే మూడు మొక్కలు. ఊంట్ కటారా అంటే మా అవ్వకు తెలియదు. ఎకైనాప్స్ ఎకైనేటస్ అంటే జోధ్‌పూర్‌లోనూ అనంతపురంలోనూ ఒకటే మొక్క. లాటిన్ పేర్లు మార్కుల కోసం పెట్టిన శిక్ష అనుకునే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి.

అలాగని ఊరి పేర్లను పారేయమని నేను అనడం లేదు. లాటిన్ పేరు మొక్క ఏదో చెబుతుంది. ఊరి పేరు ఆ మొక్కతో మనుషులకు ఉన్న సంబంధం చెబుతుంది. పిచ్చి కుసుమ అన్న మాటలో రైతు చూపు ఉంది, రక్కసి అన్న మాటలో హెచ్చరిక ఉంది. రెండు పేర్లూ ఒకే చోట ఉంటేనే జ్ఞానం పూర్తి.

అందుకే కళాశాలకు ఒక మనవి. మన హెర్బేరియంలో మొక్క అతికించిన ప్రతి కాగితం మీదా శాస్త్రీయ నామం, కుటుంబం, తేదీ ఉంటున్నాయి. దానితో పాటు ఆ మొక్కను ఏ ఊళ్లో ఏమని పిలుస్తారో, ఆ పేరు చెప్పినవారికి ఆ మొక్కతో ఏమి పనో కూడా రాద్దాం. మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ గట్టు మీది ఒక్క మొక్కను, దాని ఊరి పేరుతో సహా, పాత పేపర్ల మధ్య అద్ది తెస్తే చాలు. అప్పటికి బ్రహ్మదండి కూడా పూతలోనే ఉంటుంది. తెచ్చేవాళ్లు కాడ విరిచి చూసి తీసుకురండి.